రోకటికి కట్టిన కాలువ కప్ప

కప్పల విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు. గొప్పకు చెప్పుకోవడం కాదు, ఉన్న మాట. నంద్యాలలో మా ఇంటి పెరటి గోడ దాటితే కేసీ కాలువ కింద పారే వరిమళ్లు. ఆ మడిగట్ల మీదే నేను నడక నేర్చాను. కర్నూలు రాజధాని అయిన ఏడు నేను ఎనిమిదో తరగతి. ఊరంతా ఆ మాటే మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం మడిలో జిగురుజిగురుగా తేలే కప్పగుడ్లను ఇత్తడి గిన్నెలోకి ఎత్తి, అవి తోకకప్పలయ్యేదాకా వంటింటి కిటికీలో పెట్టి కాపలా కాశాను. మా అమ్మ ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడలేదు.

మా జేజి, అంటే మా నాయన తల్లి, కప్పల గురించి చాలా చెప్పేది. శుక్రవారం పూట ఇంట్లోకి వచ్చిన కప్పను చీపురుతో తరమకూడదట. కప్ప ఉచ్చ చేతిమీద పడితే పులిపిర్లు లేస్తాయట. ఎండాకాలంలో కప్పలన్నీ మట్టిలో మట్టిగా కలిసిపోయి, తొలకరి చినుకు పడగానే ఆ మట్టే మళ్లీ కప్పలై లేస్తుందట. పులిపిర్ల సంగతి నేనే తేల్చాను. ఒంటినిండా బుడిపెలున్న కప్పను రెండు చేతుల్లో పట్టుకుని బడి గంట కొట్టేదాకా కూర్చున్నాను. ఉచ్చ పోసింది కూడా. నా చేతులు ఈ రోజుకీ నున్నగానే ఉన్నాయి. జేజికి చూపిస్తే, "నీది మొండి చర్మంలే, దానికేం లేస్తాది" అని కొట్టిపారేసింది. మట్టి సంగతి మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ఎండాకాలం మడక దున్నేటప్పుడు పెళ్లల కింద కళ్లు మూసుకుని ముడుచుకున్న కప్పలు బయటపడేవి. చూడడానికి అచ్చం మట్టిముద్దలే.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది బోదురు కప్ప. దాని గురించి నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. కాలువకు నీళ్లు వదిలితే మళ్లు నిండుతాయి, గట్ల పక్క గుంటలు నిండుతాయి. కప్పకు ఇంకేం కావాలి? అయినా బోదురు కప్పలు నోరు మెదపవు. పీకల్దాకా నీళ్లలో కూర్చుని, కడుపునిండా తిన్న మనిషి అరుగు మీద కూర్చున్నట్టు చూస్తుంటాయి. అదే పైనుంచి ఒక మంచి వాన పడనీయండి. పసుపు పూసుకున్నట్టు ఒళ్లంతా పచ్చబడి, చెవులు దిమ్మెత్తేలా అందుకుంటాయి. ఇదెందుకని మా నాయనను అడిగితే ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

"కాలువ నీళ్లు వాటికి బతకనీకెమ్మా. పాడాలంటే పైనుంచే రావాల."

చదువు ముగిసిన ఏడాదికి మా మేనత్త కొడుక్కే నన్నిచ్చి చేశారు. ఆళ్లగడ్డలో బస్సు దిగి, తూర్పుగా నల్లమల దిక్కుకు ఎద్దులబండిలో పోతే మా అత్త ఊరు. కాలువ ఆ ఊరికి ఎక్కదు. కొర్ర, సజ్జ, వేరుశనగ, అన్నీ వాన మీదే. నాకు ఆ ఊరు పరాయిదిగా అనిపించలేదు, ఎందుకంటే అక్కడ మా అత్త ఉంది. మా నాయనకు అక్క. నాలాగే నంద్యాల మడిగట్ల మీద పెరిగి, నా వయసులోనే ఆ మెట్ట ఊరికి కాపురానికి వచ్చింది. ఎత్తుగా ఉంటుంది, గొంతు పెద్దది, ఎవరికీ జంకదు. నేను ఆమె పోలికేనని అందరూ అంటారు. నాకు అది మహా సంతోషం.

కానీ అత్తకు ఆ ఊళ్లో ఒక పేరుండేది. కాలువామె. ఆమె కొడుకు పెళ్లి చేసుకుని నన్ను తెచ్చినా, ఆమె తల నెరుస్తున్నా ఆ పేరు పోలేదు. ఎవరూ ఆమెను తక్కువ చేసి మాట్లాడరు. అయినా బావి దగ్గర రెండో బిందె ముంచితే, "కాలువ కింద పుట్టినామెకు నీళ్ల ఇలువ యాడ తెలుస్తాది" అని ఒకరు నవ్వేవాళ్లు. వానలు వెనకబడిన ఏడు, "నీకేమమ్మా, పుట్టింటికి పోతే నీళ్లే నీళ్లు" అని ఇంకొకరు. నిజానికి ఆ ఊళ్లో నీళ్లను అత్త అంత పొదుపుగా వాడే మనిషి లేదు. ముఖం కడిగిన నీళ్లు వంగచెట్లకు, బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు. నేను వచ్చిన కొత్తలో కాళ్ల మీద చెంబుడు నీళ్లు గుమ్మరించుకుంటే, నా చేతిలోంచి చెంబు లాక్కుని అందులో సగం నీళ్లు వెనక్కి కుండలో పోసింది.

"ఈ ఊర్లో మన కాళ్లను అందరూ సూస్తాంటారు. తడి ఎంత దూరం పారిందో కొలుస్తారు" అంది.

నేను వచ్చిన మరుసటేడు ఆషాఢం అంతా ఎండగానే గడిచింది. శ్రావణం వచ్చినా మబ్బులు నల్లమల మీద కనిపించడం, అటే పోవడం. వేసిన కొర్ర జానెడు లేచి వాడిపోయింది. ఎద్దుల ముందు మేత తగ్గింది. అప్పుడు ఊరి ఆడవాళ్లు కప్పతల్లి చేయాలని తీర్మానించారు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. వాన రానప్పుడు ఒక కప్పను పట్టి, తడిగుడ్డలో పెట్టి, గాలి ఆడేలా వదులుగా కట్టి, వేపమండలు చుట్టిన రోకలికి నడిమధ్యన వేలాడదీస్తారు. ఇద్దరు ఆడవాళ్లు ఆ రోకలిని భుజాల మీద మోస్తారు. ఇంటింటి ముందు నిలబడితే ఆ ఇంటామె కప్ప మీద, మోసేవాళ్ల మీద నీళ్లు పోసి, చేటలో ఇంత గింజ పోస్తుంది. కప్ప తడిసి అరిస్తే పైనున్నవాడు వింటాడని నమ్మకం. చాలా ఊళ్లలో ఇది పిల్లల ఆట. అక్కడ అలా కాదు. రోకలి ముందు కొన పట్టేది ఊరందరి తరఫున వాన అడిగే మనిషి కింద లెక్క. ఎన్నో ఏళ్లుగా ఆ ముందు కొన పట్టింది పెద్దింటి అవ్వ. ఆ అవ్వ మాటకు ఊళ్లో మగవాళ్లు కూడా ఎదురు చెప్పరు. ఆ ఏడు ఆమె మోకాళ్లు పట్టేశాయి. నడవలేనని చెప్పి, ఆడవాళ్లను ఇంటిముందు కూర్చోబెట్టుకుని తీర్పు ఇచ్చింది.

"కప్పను ఎవరు తెస్తే వాళ్లే ముందు కొన పట్టాల."

అందరూ సరేనన్నారు. నేను అత్త ముఖం చూశాను. ఇంటికి వచ్చాక అత్త పొయ్యి ముందు కూర్చుంది.  పుల్లలు ఎగదోస్తూ తనే చెప్పింది.

"ఆ రోకలి ఒక్కతూరి నా బుజం మీదికి వస్తే సాలే. ఆడ నిలబడి అడగాల నేను. అప్పుడు ఎవురు నన్ను కాలువామె అంటారో సూస్తా."

 ఈ పెద్ద గొంతు మనిషి లోపల ఇంత చిన్న కోరిక పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగిందా అనిపించింది. కప్ప ఎంత పని, తెచ్చేస్తాం అన్నాను.

ఎంత పనో మరునాడు తెలిసింది. ఆ ఊళ్లో కప్ప లేదు. ఊరి బావిలో నీళ్లు అడుగంటి, రాళ్ల మధ్య ఇంత మెరుస్తున్నాయి. తొంగి తొంగి చూశాం, కప్ప జాడ లేదు. కుంటలో నెర్రెలు. అత్త గడ్డపార తెచ్చింది. ఇద్దరం కొంగులు బిగించి కుంట నడుమ తవ్వాం. రాయిలాంటి మట్టి. నత్తగుల్లలు వచ్చాయి, ఒక ఎండ్రకాయ డొల్ల వచ్చింది. కప్పలు ఇంకా ఎంత లోతుకు పోయాయో ఏమో. వెతుకుతున్నది మేమిద్దరమే కాదు. మా ఎదురింటామె చేలల్లో ప్రతి రాయీ ఎత్తి చూసి, ఏమీ దొరక్క, మధ్యలో బేతంచెర్లలో ఉన్న కూతుర్ని చూసి వస్తానని వెళ్లింది.

అప్పుడు నేను అన్నాను, "అత్తా, మనం ఈడెందుకు తవ్వుకుంటాండాం? నంద్యాలకు పోయి నాయనను అడిగితే గంపెడు పట్టిస్తాడు గదా."

అత్త గడ్డపార కింద పెట్టింది. "పో. బేగా రా. పెద్దది తే" అంది.

మా నాయన నన్ను చూసి సంబరపడ్డాడు. ఎందుకొచ్చానో చెప్పగానే సంబరం కొంచెం తగ్గింది. "కప్ప కోసరం వచ్చినావా? మమ్మల్ని సూడనీకె గాదా?" అన్నాడు. అంటూనే పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. ఒకదాన్ని పట్టి చూపిస్తే చిన్నదన్నాను. రెండోది నీరసంగా ఉందన్నాను. "పెండ్లికొడుకును గూడా నువ్వు ఇంత సూడలేదు గదమ్మే" అని విసుక్కున్నాడు. మూడోది నా రెండు గుప్పిళ్లు నిండింది. వీపు మీద పచ్చటి చార, పొగరు చూపు. ఇదే అన్నాను. అడుగున తడిగడ్డి వేసిన ముంతలో దాన్ని పెట్టి, మూతికి తడిగుడ్డ కట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద బస్సు నడవదు, ఎగురుతుంది. ఒక గుంతలో దిగి లేచేసరికి ముంత మూతి గుడ్డ సడలింది. నా కప్ప ఒక్క దూకులో ముందు సీట్లో కునుకుతున్న పెద్దమనిషి తలపాగా మీద కూర్చుంది. ఆయన చేయి పైకి పోనిచ్చి తడిమి చూసుకుని వేసిన కేకకు బస్సు ఆగిపోయింది. కండక్టరు సీట్ల కింద దూరి వెతుకుతూ, "దీనికి టికెట్టు తీసినావా అమ్మా?" అని అడిగాడు. బస్సంతా నవ్వులు. వెనక సీట్లో ఒకామె రెండు కాళ్లూ పైకి పెట్టుకుని అరుస్తోంది. చూస్తే మా ఎదురింటామె. బేతంచెర్ల నుంచి వచ్చి నంద్యాలలో ఇదే బస్సు ఎక్కిందన్నమాట.

"ఏందమ్మే అది?" అంది.

"కప్ప, చిన్నమ్మా. మా నాయన మడిలోది. ఎంత బాగుందో సూడు" అని, పట్టుకున్నదాన్ని ఆమె ముఖం ముందు పెట్టాను. దాచిపెట్టడం నాకు చేతకాదు. దాచాల్సిన పని అని కూడా అనుకోలేదు. మంచి కప్ప, అంతే.

మరునాడు పొద్దున్నే పెద్దింటి అవ్వ వాకిట్లో ఆడవాళ్లంతా చేరారు. అత్త తలస్నానం చేసి, ఒక చెంబుతోనే, ముతక చీర కట్టి, రోకలికి వేపమండలు తన చేతులతోనే చుట్టింది. నేను ముంత తెచ్చి అవ్వ ముందు పెట్టాను. అవ్వ గుడ్డ ఎత్తి చూసి, "బలే ఉందే" అంది. అప్పుడు ఎదురింటామె ముందుకొచ్చింది.

"అవ్వా, అది మనూరి కప్ప గాదు. కాలువ కప్ప. నేను బస్సులో నా కండ్లారా సూసినా."

వాకిలి ఒక్కసారిగా మారిపోయింది. అంతవరకు మెచ్చుకున్నవాళ్లే వెనక్కి జరిగారు. వాళ్లను తప్పు పట్టలేను, వాళ్ల వాదనకు అర్థముంది. "కడుపునిండా నీళ్లు తాగే కప్పకు వానతో ఏం పని?" అంది ఒకామె. "దానికి కరువంటే ఏందో తెలిస్తే గదా అడగనీకె" అంది ఇంకొకామె. "దాని మాట పైనోడు వినడు. అది అడిగేదీ లేదు" అని ఎదురింటామె తేల్చేసింది. అవ్వ గుడ్డ మళ్లీ మూతి మీద కప్పింది. అత్త చేతిలో రోకలి అట్లాగే ఉంది.

నాకు ఒళ్లు మండింది. కప్పల సంగతి నా ముందు మాట్లాడుతున్నారు మరి. "మీకు తెలీదు" అన్నాను గట్టిగా. "మా కాలువ కప్పలు నీళ్లలో ఉన్నా నోరు తెరవవు. మడి నిండినా తెరవవు. పైనుంచి వాన పడితేనే పసుపుపచ్చగా అయ్యి అరుస్తాయి. ఎండిన ఊరి కప్ప మాదిరే అవి గూడా వాన కోసరమే కాసుకోనుంటాయి. కావాలంటే రండి, సూపిస్తా."

కొత్తకోడలి మాట ఎవరు వింటారు? ఒకరిద్దరు నవ్వారు. కానీ అత్త విన్నది. నా వైపు తిరిగి, "అట్లనా?" అంది నెమ్మదిగా, తనూ ఆ మళ్లలోనే పెరిగిందని మరిచిపోయినట్టు. తర్వాత రోకలిని నేల మీద నిలబెట్టి, అవ్వకు ఎదురుగా నిలబడింది.

"నేను గూడా కాలువ కింద నుంచే వచ్చినా గదవ్వా. ఈ ఊర్లో కాలు పెట్టినకాన్నుంచి మొగులు దిక్కు సూడకుండా నేను ఒక్క పొద్దన్నా నిద్ర లేసినానా? మీ సేన్లు ఎండినప్పుడు నా సేను పచ్చగుండెనా? మేత ల్యాక మీరు గొడ్లను తోలుకపోతే, నా కోడెలు నా గుమ్మం ముందు నిలబడినాయా? మా తమ్మునింట్లో నీళ్లుండాయని ఒక్క కరువులో అన్నా మిమ్మల్ని ఇడిసిపెట్టి ఆడికి పోయి కూసున్నానా? ఇంత అడిగినదాన్ని, నా మాట గూడా పైనోడు వినడా అయితే? ఆ మాటన్నా సెప్పండి ఈ పొద్దు. రోకలి ఈడ పెట్టి ఇంటికి పోతా."

 వినేవాళ్లు తలలు దించుకున్నారు.  నేను మాత్రం ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

 అవ్వ ముంతను తన చేత్తోనే అత్త వైపు జరిపి, "కట్టు" అంది. ఎదురింటామెను పిలిచి, "యనక కొన నువ్వు పట్టు" అంది. ఆమె వచ్చి పట్టింది.

వాన వచ్చిందా అని ఈ సంగతి చెప్పినప్పుడల్లా అడుగుతారు. వచ్చింది. వెంటనే కాదు, వినాయక చవితి దాటాక. కొర్ర పోయింది, ఆలస్యంగా చల్లిన ఉలవ దక్కింది. కప్ప తెచ్చిందని నేను చెప్పను, కప్పల గురించి అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. నాకు గుర్తున్నది ఆ వానకన్నా, అత్త రోకలి మోసిన ఆ మధ్యాహ్నం.

ఇంటింటి ముందు ఆగుతూ ఊరంతా తిరిగాం. తాగడానికే నీళ్లు కరువైన ఊరు. అయినా ప్రతి వాకిట్లో ఎవరో ఒకరు చెంబుతో ఎదురొచ్చారు. మొదట కప్ప మీద, తర్వాత అత్త తల మీద. ఆమె ముందు కొన భుజాన పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెద్ద గొంతుతో వానను పిలుస్తూ నడిచింది. కప్ప కూడా నాలుగైదు ఇళ్లు దాటేసరికి బాగా తడిసి, గుడ్డలోంచి ఒక్కసారి గరగరమంది. పిల్లలు ఎగిరారు. తిరిగి అవ్వ వాకిటికి వచ్చేసరికి అత్త ఒళ్లంతా తడిసి ముద్దయింది. చీర కొసల నుంచి కారే నీళ్లు నేల మీద దూరందాకా పారాయి. ఎవరూ కొలవలేదు.

పోగైన గింజలు వండడానికి పొయ్యి రాజేస్తుంటే, నేను రోకలి దగ్గర కూర్చుని గుడ్డ విప్పాను. కప్ప బాగానే ఉంది, పొగరు తగ్గలేదు. దాన్ని ముంతలోకి దించి తడిగడ్డి సర్దుతున్నాను. అరుగు మీద నుంచి అవ్వ అడిగింది.

"ఏందీ, మల్ల ముంతలో పెడతాండావ్?"

"రేపు బస్సుకు నంద్యాల తీసకపోయి మా నాయన మడిలో ఇడుస్తా అవ్వా. ఈడ దానికి నీళ్లు యాడుండాయి?"

"యాడికీ వద్దు" అంది అవ్వ. "మన బాయిలో ఇడువు. మనకుండే నీళ్లే దానికి గూడా. మనం ఎండితే ఎండుతాది, మనం తడిస్తే తడుస్తాది. మన ఊరికి వచ్చినంక అది మనదే గదమ్మే. పరాయిదని ఇంగ ఎవరన్నా అంటే నాతో సెప్పు."

చీర కొంగు పిండుకుంటున్న అత్త చేతులు ఆగిపోయాయి. అవ్వ చూపు ముంత మీద లేదు, అత్త మీదే ఉంది. పొద్దున వాకిట్లో అందరినీ నిలదీసినప్పుడు కూడా కన్నీరు పెట్టని మనిషి, ఆ మాటకు అరుగు అంచు పట్టుకుని అక్కడే కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే అంది:

"ఈ మాట సెప్పనీకె ఇన్నేండ్లు పట్టెనా అవ్వా నీకు?"

"పట్టింది" అంది అవ్వ. "తప్పు నాదే. ల్యా ఇంగ. కప్పను తీసుకో, బాయికాడికి పోదాం. నువ్వే ముందు నడువు, మేము నీ యనక వస్తాం."